గంటలూరు కూర పథకం

గంటలూరులో సాయంత్రమయ్యేసరికి మగవాళ్లు రాష్ట్రం ఎటు పోతోందని మాట్లాడుకుంటారు, ఆడవాళ్లు ఈ పూట ఏం కూరని మాట్లాడుకుంటారు. మొదటి చర్చ వల్ల రాష్ట్రం ఎటూ పోలేదు. రెండో చర్చ వల్ల మాత్రం రోజూ రాత్రికి అందరికీ అన్నంలోకి ఏదో ఒకటి దొరికేది.

ఈ రెండో చర్చని ఫోన్లోకి ఎక్కించింది పాతపేట భ్రమరాంబ. ఆమె భర్త చలపతి కరెంటాఫీసులో లైన్ ఇన్‌స్పెక్టరు. ఏది పెట్టినా తింటాడు, ఏం చెయ్యమంటారని అడిగితే మాత్రం "నీ ఇష్టం" అంటాడు. పెళ్లయిన దగ్గర్నుంచీ ఆ 'నీ ఇష్టం' విని విని విసిగిపోయి, ఒకరోజు ఆవిడ ప్రహరీ గోడ మీంచి పక్కింటి సబీహాని అడిగింది.

"ఏం చేస్తున్నావే ఈ పూట?"

"దోసకాయ పప్పు అక్కా. నువ్వు?"

"అయితే నేనూ అదే."

అంత తేలిగ్గా గండం గట్టెక్కేసరికి భ్రమరాంబకి ఆశ పుట్టింది. వీధిలో నలుగురినీ చేర్చి ఫోన్లో ఒక గ్రూపు పెట్టింది. పేరు 'ఏం కూర?' సాయంత్రం నాలుగింటికి ఒకరు బీరకాయ అంటే ఇంకొకరు పాలు పొయ్యమనేవారు, మరొకరు పాలు పొయ్యొద్దు, నువ్వుల పొడి చల్లమనేవారు. వీధి దాటి పేట, పేట దాటి వార్డు చేరింది. చివరికి మున్సిపల్ కమిషనరు గారి భార్య సుహాసిని కూడా చేరింది. ఆవిడ వంకాయ కాల్చినప్పుడల్లా ఫొటో పెట్టేది. అందరూ బాగుందనేవారు. కమిషనరు భార్య కదా అని కాదు, ఆవిడ నిజంగానే బాగా కాల్చేది.

గ్రూపులో ఒకే ఒక్క మగవాడు పానకాలరావు గారు. రైల్వేలో గార్డుగా చేసి రిటైరయ్యాడు. అసలు గ్రూపులో ఉన్నది ఆయన భార్య శేషరత్నం. ఆవిడ పోయాక ఆ ఫోను ఆయన దగ్గర ఉండిపోయింది. దినవారాలు అయిన తర్వాత ఒక మంగళవారం సాయంత్రం, శేషరత్నం పేరు మీద గ్రూపులో ఒక మెసేజీ వచ్చింది. 'గుత్తి వంకాయ. ఇట్లు, పానకాలరావు.' అది చూసి భ్రమరాంబ పొయ్యి కట్టేసింది. తర్వాత 'కారం తగ్గించండి బాబాయిగారూ' అని రాసింది. అప్పట్నుంచీ ఆయన సాయంత్రం ఆరింటికల్లా తప్పకుండా కూర చెప్పేవాడు, రైలు బయలుదేరేముందు పచ్చజెండా ఊపినట్టు.

అంతా ఇలా సవ్యంగా సాగుతుండగా కమిషనరు త్రివిక్రమరావు గారు ట్రైనింగుకి వెళ్లొచ్చారు.

ట్రైనింగు ఒక చల్లటి కొండ ఊళ్లో జరిగింది. లెక్కకు రానిది లోకంలో లేనట్టేనని అక్కడ ఆయనకి బోధించారు. ఊరికి తిరిగొచ్చి చూసుకుంటే గంటలూరులో లెక్కకి వచ్చినది ఏదీ లేదు. కుక్కలెన్నో తెలియదు, దోమలెన్నో తెలియదు, వీధి దీపాల్లో వెలిగేవెన్నో తెలియదు. ఆ దిగులుతో సోఫాలో కూర్చుని ఉండగా భార్య ఫోను కనపడింది. అందులో ఆ రాత్రి వార్డు వార్డంతా ఏం తినబోతోందో ఇంటింటి వారీగా ఉంది.

"సుహాసినీ, ఈ సమాచారం మీకెవరిస్తున్నారు?"

"ఎవరిస్తారండీ. ఎవరి కూర వాళ్లు చెప్తారు."

"ఒక్క ఉద్యోగి కూడా లేకుండానా?"

"ఉద్యోగి ఎందుకండీ, వంకాయకి."

ఆయన ఆ రాత్రి సరిగా అన్నం తినలేదు. మర్నాడు పొద్దున్నే భ్రమరాంబకి మున్సిపల్ ఆఫీసు నుంచి కబురొచ్చింది. ఏ పన్ను కట్టలేదోనని భయపడుతూ వెళ్తే, కుర్చీ వేసి కాఫీ ఇచ్చారు.

"అమ్మా, మీరు తెలియకుండానే ఒక మహత్తర వ్యవస్థకు అంకురార్పణ చేశారు," అన్నారు కమిషనరు గారు. "దానికి చట్టబద్ధత కల్పించడం ఒక్కటే మిగిలి ఉంది. ఆ భారం మేం వహిస్తాం."

"భారం ఏముందండీ అందులో?"

"ఉండదమ్మా. మేం కల్పిస్తాం."

భ్రమరాంబకి శాలువా కప్పి, 'వార్డు గౌరవ పాక సమన్వయకర్త' అని అచ్చేసిన బ్యాడ్జీ తగిలించారు. ఆవిడ ఆ బ్యాడ్జీతోనే కూరగాయల బజారు మీదుగా ఇంటికొచ్చింది. దగ్గరి దారి వేరే ఉంది, కానీ ఆ దారిలో జనం తక్కువ.

వారం తిరక్కుండా సమగ్ర సాయంకాల పాక ప్రకటన పథకం మొదలైంది. జనం దాన్ని కూర పథకం అన్నారు. ఉత్తర్వు ఇలా ఉంది: 'పురపాలక పరిధిలో నివసించు ప్రతి కుటుంబమూ ఆనాటి రాత్రి భుజింపబోవు పదార్థములను సాయంకాలం లోగా యాప్ ద్వారా విధిగా ప్రకటించవలెను. ప్రకటించిన పదార్థమునే వండవలెను. వండిన పదార్థమునే భుజింపవలెను. అసత్య ప్రకటన చేయువారి కుళాయి కనెక్షన్ తొలగించి, వారి పేరు కార్యాలయము ఎదుట బోర్డుపై ప్రదర్శించబడును.'

మొదటి రోజే భ్రమరాంబ దప్పళం అని ప్రకటించింది. పది నిమిషాల్లో ఆఫీసు నుంచి ఫోను.

"మేడం, దప్పళంలో ముక్కలు ఏమేం వేశారండీ?"

"గుమ్మడికాయ, ములక్కాడ, సొరకాయ, చిలగడదుంప, ఉల్లిపాయ."

"అయితే ఐదు కూరలు ప్రకటించాలి మేడం."

"ఒకటే కూర బాబూ. ఒకే గిన్నెలో ఉడుకుతోంది."

"ఒకే గిన్నెలో ఉన్నంత మాత్రాన ఒకటైపోదండి. అది ఉమ్మడి కుటుంబం కిందికి వస్తుంది. ఎవరి వాటా వాళ్లది విడివిడిగా చూపించాలి."

ఆవిడ చూపించింది. మర్నాడు ఆ దప్పళంలో మిగిలినది 'ప్రారంభ నిల్వ'గా చూపించమన్నారు. అదీ చూపించింది. ఆ తర్వాత ఊరగాయల మీద పేచీ వచ్చింది. ఆవకాయ ప్రతి రాత్రీ వండరు కాబట్టి పాకం కాదన్నారు, తింటారు కాబట్టి పదార్థం కాదనడానికీ వీల్లేదన్నారు. న్యాయ సలహాదారుణ్ణి అడిగితే, జాడీ ఏళ్ల తరబడి అటకమీంచి కదలడం లేదు గనక అది స్థిరాస్తి అని తేల్చాడు. దాంతో సబీహా వాళ్లింట్లో అటకని రెవెన్యూ వాళ్లు టేపు పెట్టి కొలిచారు.

ఇంకో రోజు భ్రమరాంబ యాప్‌తో కుస్తీ పడుతుండగా పొయ్యిమీద పప్పు మాడింది. మాడిన పప్పుని ప్రకటించబోతే అలాంటి వర్గం లేదని వచ్చింది. ఫోను చేసింది.

"పప్పు అనే ప్రకటించారు కదండీ. పప్పే తినండి."

"మాడింది బాబూ. నోట్లో పెట్టుకునేట్టు లేదు."

"నోటి సంగతి మా పరిధిలోకి రాదు మేడం. వండిన పదార్థమునే భుజింపవలెను."

ఆ రాత్రి చలపతి మాడు పప్పు కలుపుకుని రెండు ముద్దలు తిన్నాడు.

"ఎలా ఉందండీ?"

"నీ ఇష్టం," అన్నాడు.

జనం ఎంత పథకాన్నయినా తట్టుకోగలరు గానీ రోజూ తట్టుకోలేరు. యాప్ తెరవగానే అక్షర క్రమంలో అన్నిటికన్నా పైన ఉండేది అరటికాయ వేపుడు. కిందికి జరుపుతూ పోతే నెట్ ఆగిపోయేది, ఆగిపోతే మళ్లీ మొదటికొచ్చేది. మెల్లమెల్లగా ఒక్కో ఇల్లూ అరటికాయ వేపుడే నొక్కడం మొదలుపెట్టింది. నొక్కింది కాబట్టి వండాలి, వండింది కాబట్టి తినాలి. చూస్తుండగానే గంటలూరు మొత్తం రాత్రిపూట అరటికాయ వేపుడు తిని పడుకునే ఊరైపోయింది. తెల్లారేసరికి ప్రతి ఇంట్లోనూ కడుపులు ఉబ్బి, పెద్దవాళ్లు నడిచేటప్పుడు నలుగురికీ దూరంగా నడిచేవారు. మందుల షాపుల్లో వాము అర్కు దొరకలేదు. పాత గ్రూపులో ఆరింటికి పానకాలరావు గారు తప్ప ఎవరూ ఏమీ రాయడం లేదు. రాయడానికేముంది, మిగతా అందరిదీ ఒకటే కూర.

జిల్లా సమావేశంలో కమిషనరు గారు తెరమీద ఒక పటం చూపించారు. పటమంతా ఒకే రంగు.

"కులమతాలకు, పార్టీలకు అతీతంగా ఒక పట్టణం పట్టణమంతా ఒకే కూర దగ్గర ఏకాభిప్రాయానికి రావడం ఇదే ప్రథమం," అని ఆయన సగర్వంగా ప్రకటించారు.

అందరూ చప్పట్లు కొట్టారు. అయితే పై నుంచి వచ్చిన ఒక పెద్దాయన కళ్లద్దాలు సవరించుకుని, పటంలో పాతపేట దగ్గర ఒక చుక్క మాత్రం రోజుకో రంగులో ఉందేమని అడిగారు. కమిషనరు గారు చూశారు. నిజమే. సోమవారం గోంగూర పప్పు, మంగళవారం గుత్తి వంకాయ, బుధవారం చేమదుంపల పులుసు. గంటలూరులో అంత మంది ఏకాభిప్రాయం మధ్య ఒకే ఒక్క ఇంట్లో ఇంత భోగం. ఆ ఇల్లు పానకాలరావుది.

పెద్దాయన ముచ్చటపడ్డారు. పథకం కింద వైవిధ్యం కూడా సాధ్యమేనని దేశానికి చూపించాలన్నారు. పానకాలరావుకి 'ఆదర్శ పాక గృహం' బిరుదు ఇవ్వాలని తీర్మానమైంది.

తర్వాతి మంగళవారం సాయంత్రం శాలువా పట్టుకుని భ్రమరాంబ, సర్టిఫికెట్టు పట్టుకుని శానిటరీ ఇన్‌స్పెక్టరు సోమసుందరం, కెమెరా పట్టుకుని ఇంకొకాయన పానకాలరావు ఇంటికి బయలుదేరారు. సోమసుందరాన్ని మురిక్కాలవల మీంచి కూరల మీదికి మార్చి అప్పటికి చాలా రోజులైంది. అందుకని దారిలో కాలవ పొంగితే ముగ్గురూ ఎగిరి దాటారు. భ్రమరాంబకి మనసులో సంతోషంగానే ఉంది. బాబాయిగారు పాపం ఒక్కరే అయినా ఎంత ఓపిగ్గా వండుకుంటున్నారో, వీధిలో మనమంతా అరటికాయలు కోసుకుంటున్నాం అనుకుంది.

పానకాలరావు తలుపు తీసి, శాలువా చూసి, కెమెరా చూసి, తలుపు మళ్లీ వెయ్యబోయాడు.

"కంగారు పడకండి బాబాయిగారూ. మంచి కబురే. మీ గుత్తి వంకాయ ఫొటో తీసుకుని వెళ్లిపోతారు."

"ఇవాళ వద్దమ్మాయ్. ఒంట్లో బాగాలేదు."

సోమసుందరం అప్పటికే వంటింట్లోకి నడిచాడు. ఉద్యోగరీత్యా ఆయనకి వాసన పట్టడం అలవాటు. ఈ వంటింట్లో ఏ వాసనా లేదు. గ్యాసు పొయ్యిమీద పాత రైల్వే టైంటేబుళ్లు దొంతరగా పేర్చి ఉన్నాయి. పక్కన కరెంటు కుక్కర్లో కాస్త అన్నం. బల్లమీద పెరుగు గిన్నె, మాగాయ ముక్క.

"గుత్తి వంకాయ ఏదండీ?" అన్నాడు సోమసుందరం.

పానకాలరావు భ్రమరాంబ వైపే చూస్తూ చెప్పాడు.

"మంగళవారం శేషరత్నం గుత్తి వంకాయ చేసేదమ్మా. అందుకని మంగళవారం అదే చెప్తాను. బుధవారం చేమదుంపలు. గురువారం ఉపవాసం, ఉప్మా. నాకు పొయ్యి వెలిగించడం కూడా సరిగా రాదు. పెరుగన్నం అని రోజూ రాస్తే మీరంతా జాలిపడి గిన్నెలు పంపుతారు. నాకది ఇష్టం లేదు. కూర పేరు రాస్తే మాత్రం మీరు కారం తగ్గించమనో, కొబ్బరి వెయ్యమనో అనేవాళ్లు. అది బాగుండేది."

భ్రమరాంబ చేతిలో శాలువా చేతిలోనే ఉండిపోయింది. కారం తగ్గించమని రాసింది ఆవిడే.

"ఇది అసత్య ప్రకటన కిందికి వస్తుందండీ," అన్నాడు సోమసుందరం, కొంచెం బాధగానే. సర్టిఫికెట్టు జేబులో పెట్టుకుని అదే జేబులోంచి నోటీసు తీశాడు. శాలువా స్టాకులో జమ చెయ్యాలి కాబట్టి ఆవిడ దగ్గర్నుంచి తిరిగి తీసుకున్నాడు.

విచారణ శుక్రవారం అన్నారు. పానకాలరావు నోటీసు అందిన రోజు నుంచి ఏ కూరా చెప్పలేదు. ఉద్యోగం చేసినన్నాళ్లూ ఒక్క రైలు గురించి కూడా తప్పు రాయని మనిషి. ఇప్పుడు ఆయన పేరు మున్సిపాలిటీ ముందు బోర్డుమీద, ఇంటి పన్ను ఎగ్గొట్టినవాళ్ల పక్కన వేస్తారు. సాయంత్రం ఆరయ్యేది, ఆరున్నరయ్యేది, శేషరత్నం పేరు మీద ఏమీ వచ్చేది కాదు. భ్రమరాంబ బ్యాడ్జీ తీసి గరిటెల స్టాండులో పడేసింది. ఆ గ్రూపుని తీసుకెళ్లి ఆ ఆఫీసుకి అప్పజెప్పింది తనేనన్న సంగతి ఆవిడకి ముద్ద ముద్దకీ గుర్తొచ్చింది.

గోడ దగ్గర సబీహాతో అంటే, సబీహా ఒక మాట అడిగింది.

"ఆయన గుత్తి వంకాయ తిన్నానన్నాడు గానీ, తన ఇంట్లోనే తిన్నానని అన్నాడా అక్కా?"

భ్రమరాంబ ఆ మాట పట్టుకుని ఇంట్లోకి వెళ్లింది.

శుక్రవారం కమిషనరు గారి గది నిండిపోయింది. పానకాలరావు ఇస్త్రీ చొక్కా వేసుకొచ్చి, కుర్చీ ఇచ్చినా కూర్చోకుండా నిలబడ్డాడు. సోమసుందరం నివేదిక చదివాడు. 'పొయ్యి చల్లగా ఉన్నది. వంకాయ యొక్క ఆనవాళ్లు ఎచ్చటనూ కానరాలేదు.'

"మీ సంజాయిషీ?" అన్నారు కమిషనరు గారు.

పానకాలరావు నోరు తెరవబోయాడు. ఆయన నిజం చెప్తాడని భ్రమరాంబకి తెలుసు. అందుకని తనే ముందు లేచింది.

"ఆ పూట బాబాయిగారు మా ఇంట్లో తిన్నారండీ. గుత్తి వంకాయే."

"మీ ప్రకటనలో అరటికాయ వేపుడు ఉంది కదమ్మా."

"అది మాకండీ. వంకాయ ఆయనకి."

ఇంతలో వెనక నుంచి సబీహా లేచింది. "మా ఇంట్లో కూడా తిన్నారు సార్." ఆమె పక్కనున్నావిడా లేచింది. "మా ఇంట్లోనూ తిన్నారండి. రెండోసారి వేయించుకున్నారు కూడా." పాతపేట నుంచి వచ్చినవాళ్లంతా ఒకరి తర్వాత ఒకరు లేచారు. ఎవరూ ముందుగా అనుకోలేదు. రాసే గుమాస్తా చెయ్యి ఆగడం లేదు.

"పానకాలరావుగారూ," అన్నాడు గుమాస్తా, "ఒకే రాత్రి ఇన్ని ఇళ్లలో వంకాయ తిని మీరెలా ఉన్నారండీ?"

పానకాలరావు కళ్లు తుడుచుకున్నాడు. "బాగానే ఉన్నాను బాబూ," అన్నాడు.

"ఇది అసంభవం. వీళ్లందరూ కూడబలుక్కున్నారు," అన్నారు కమిషనరు గారు.

అప్పుడు తలుపు పక్క కుర్చీలోంచి సుహాసిని లేచింది.

"మనింట్లో కూడా తిన్నారండీ ఆయన. వంకాయ నేనే వడ్డించాను."

"ఆ సాయంత్రం నేను ఇంట్లోనే ఉన్నాను కదా సుహాసినీ?"

"ఉన్నారండీ. హాల్లో కూర్చుని ఊళ్లో వాళ్ల కూరలు చూసుకుంటున్నారు. మిమ్మల్నీ పిలిచాను. పలకలేదు."

కమిషనరు గారు మామూలు మనిషైతే అక్కడితో ఫైలు మూసేసేవారు. ఆయన ట్రైనింగు అయిన మనిషి. కళ్లు మూసుకుని చాలాసేపు ఆలోచించి, మెల్లగా చెప్పారు.

"రికార్డు ఒక రకంగా ఉంది. వాస్తవం ఇంకో రకంగా ఉంది. రికార్డును మార్చే అధికారం నాకు లేదు. వాస్తవాన్ని మార్చే అధికారం ఉంది."

సాయంత్రానికి ఉత్తర్వు వచ్చింది. 'సదరు పానకాలరావు, విచారణలో వాంగ్మూలము ఇచ్చిన వారి సమస్త గృహముల యందు వంతుల వారీగా రాత్రి భోజనము చేయవలెను. ప్రకటనలకూ వాస్తవమునకూ సమన్వయము కుదురు వరకు ఇది కొనసాగవలెను. ప్రతి భోజనమునూ శానిటరీ ఇన్‌స్పెక్టరు స్వయముగా రుచి చూచి ధ్రువీకరించవలెను.'

ఇది శిక్షో, దయో ఎవరికీ అర్థం కాలేదు. ఉత్తర్వు ఉత్తర్వే. మొదటి రోజు భ్రమరాంబ ఇంట్లో పానకాలరావు పీట అంచున, వచ్చే స్టేషన్లో దిగవలసినవాడిలా కూర్చున్నాడు. పక్కన సోమసుందరం.

"గిన్నెలు పంపడం ఇష్టం లేదన్నారు కదా బాబాయిగారూ. అందుకని మనిషినే రప్పించారు," అంది భ్రమరాంబ.

"మొహమాటంగా ఉందమ్మాయ్."

"నాకు లేదా? కానివ్వండి. ప్రభుత్వ ఉత్తర్వు."

ఆయన తిన్నాడు. ఉత్తర్వుకి లోబడి రెండోసారి వేయించుకున్నాడు.

కొన్నాళ్లకి త్రివిక్రమరావు గారికి రాజధానికి ప్రమోషన్ మీద బదిలీ అయింది. రాష్ట్రవ్యాప్తంగా ఉదయపు ఫలహారాల బాధ్యత అప్పగించారని విన్నారు. కొత్త కమిషనరు గారికి కూరలంటే పట్టింపు లేదు, ఆయన చెట్లకి నంబర్లు వేయిస్తున్నారు. యాప్ తెరుచుకోవడం మానేసింది. గంటలూరు వాళ్లు అరటికాయల నుంచి విముక్తులై, మళ్లీ 'ఏం కూర?' గ్రూపులో కొట్లాడుకోవడం మొదలుపెట్టారు. పానకాలరావు భోజనాల ఉత్తర్వును మాత్రం ఎవరూ రద్దు చెయ్యలేదు. ఏ విభాగం రద్దు చెయ్యాలో తేలలేదు. అందుకని ఆయన తింటూనే ఉన్నాడు, సోమసుందరం ధ్రువీకరిస్తూనే ఉన్నాడు. సోమసుందరం ప్యాంటు నడుము దగ్గర రెండుసార్లు వదులు చేయించాడు.

ఇంటింటా తిన్నంత మాత్రాన పానకాలరావు ఊరుకోలేదు. తొందరగా వచ్చేసి, వంటింటి గడప దగ్గర కూర్చుని కూరగాయలు తరగడం మొదలుపెట్టాడు. ముక్కలు టికెట్టు ముక్కల్లా అన్నీ ఒకే కొలతలో కోసేవాడు. పోపు ఎప్పుడు వెయ్యాలి, పసుపు ఎప్పుడు చల్లాలి అని అడిగేవాడు. సబీహా ఇంట్లో మసాలా నూరుతుంటే దగ్గర నిలబడి తుమ్మాడు.

ఒక ఆదివారం మధ్యాహ్నం గ్రూపులో శేషరత్నం పేరు మీద మెసేజీ వచ్చింది. 'ఈ రాత్రి మా ఇంట్లో దొండకాయ వేపుడు, చారు. అందరూ రావలెను. ఇట్లు, పానకాలరావు.'

ఎవరూ 'కొబ్బరి వెయ్యండి' అని రాయలేదు. అందరూ వెళ్లారు. టైంటేబుళ్లు పొయ్యిమీంచి కిటికీలోకి మారాయి. వంటింటి నిండా పొగ, ఆ పొగలో చెమటలు కక్కుతూ పానకాలరావు. చాపలు పరిచి, ఆకులు వేసి ఆయనే వడ్డించాడు. చలపతి, సుహాసిని, సబీహా, సోమసుందరం వరసగా కూర్చున్నారు.

భ్రమరాంబ మొదటి ముద్ద నోట్లో పెట్టుకుంది. దొండకాయలు కొన్ని పచ్చిగా, కొన్ని బొగ్గుగా ఉన్నాయి. ఉప్పు అసలే లేదు. చారులోనూ లేదు. తలెత్తకుండా నమిలింది. పక్కన సబీహా కూడా అలాగే నములుతోంది. పానకాలరావు గరిటె పట్టుకుని ఒక్కొక్కరి మొహమూ చూస్తూ నిలబడ్డాడు.

"ఎలా ఉందమ్మాయ్?"

"చాలా బాగుంది బాబాయిగారూ."

"ఇన్‌స్పెక్టరు గారూ?"

సోమసుందరం గొంతు సవరించుకుని, "ధ్రువీకరించదగినదిగా ఉంది," అన్నాడు.

పానకాలరావు తృప్తిగా తలాడించి, చలపతి ముందు ఆగాడు. చలపతి జన్మలో మొదటిసారి ఒక వంట మీద అభిప్రాయం చెప్పాడు.

"ఉప్పు లేదండీ."

అందరూ ఆయన వైపు చూశారు. పానకాలరావు ఒక దొండకాయ ముక్క తీసి నోట్లో వేసుకుని, నెమ్మదిగా నమిలి, నవ్వడం మొదలుపెట్టాడు. ఆ నవ్వు ఆగలేదు.

"ఉప్పు డబ్బా శేషరత్నం ఎక్కడ పెట్టేదో నాకు తెలీదమ్మా. అడగడానికి మొహమాటపడ్డాను," అన్నాడు.

ఎంగిలి చేతులతో అందరూ లేచి ఆ వంటింట్లో ఉప్పు డబ్బా కోసం వెతకడం మొదలుపెట్టారు.